కంపకు అవతల నీళ్ల కుండలు

మే 5, 2020, మంగళవారం: కంది

కంది ఇవాళ ప్రశాంతంగా ఉంది. ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణం గేటు ముందు పోలీసులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. లోపల సగం లేచిన భవనాల మీద ఇనుప చువ్వలు ఎండకు కాలుతున్నాయి. కరోనా లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయిన రెండు వేలకు పైగా భవన నిర్మాణ కూలీలు ఏప్రిల్ 29న ఇక్కడే ఒక్కసారిగా బయటికి వచ్చారు. చేసిన పనికి జీతం ఇవ్వాలి, ఇళ్లకు పంపాలి అని అడిగారు. సర్దిచెప్పడానికి వచ్చిన పోలీసుల మీద రాళ్లు పడ్డాయి. ఒక వాహనం ధ్వంసమైంది, దెబ్బలూ తగిలాయి.

ఆ తర్వాత పనులు ఎంత వేగంగా జరిగాయో చూడండి. చిక్కుకుపోయినవారు సొంత రాష్ట్రాలకు వెళ్లవచ్చని కేంద్ర హోం శాఖ అదే రోజు ఉత్తర్వు ఇచ్చింది. మే 1 తెల్లవారుజామున 4.50 గంటలకు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు రైలు కదిలింది. 24 బోగీలు, దాదాపు 1,200 మంది. 72 మంది పట్టే బోగీలో 54 మందినే కూర్చోబెట్టారు. దేశంలో తొలి శ్రామిక రైలు అదే. ఐదు వారాలుగా కుదరదన్నది రెండు రోజుల్లో కుదిరింది.

రాళ్లు వేయడం తప్పే, దెబ్బలు తిన్న పోలీసులూ జీతం మీద బతికే మనుషులే. కానీ ఆ రాళ్లకు ముందు ఐదు వారాల మౌనం ఉంది. జనం లాక్‌డౌన్‌ను అంగీకరించారని మనం ఆ మౌనాన్ని చూసే అనుకున్నాం. అది అంగీకారమేనా అన్న అనుమానంతోనే నేను ఈ దారి పట్టాను. మిత్రులు కొందరు కలిసి ఒక వ్యాను మాట్లాడారు. అందులో నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, మరమరాలు, చెప్పులు ఉన్నాయి. పోలీసుల అనుమతి పత్రం అద్దానికి అంటించాం. నాకు హిందీ వచ్చు కాబట్టి నడిచి వెళ్లేవారితో మాట్లాడి, ఎవరికి ఎక్కడ ఎంత కూలి బాకీ ఉందో రాసుకోవడం నా పని. కంది నుంచి మేడ్చల్, అక్కడి నుంచి 44వ జాతీయ రహదారి మీద మహారాష్ట్ర సరిహద్దు దాకా వెళ్లాలని అనుకున్నాం.

కందిలో మొదట మాట్లాడింది బీహార్ నుంచి వచ్చిన ఒక తాపీ మేస్త్రీతో. రైలు జార్ఖండ్‌కు వెళ్లింది కాబట్టి ఈయన మిగిలిపోయాడు.

"మొదటి ఇరవై ఒక్క రోజులు మేమూ సరేననుకున్నాం" అన్నాడు. "జబ్బు వస్తే పేదవాడే ముందు పోతాడు, ఆ మాత్రం మాకు తెలుసు. ఏప్రిల్ 14న అయిపోతుందన్నారు. తర్వాత మే 3 అన్నారు. ఇప్పుడు 17 అంటున్నారు. తేదీ మారిన ప్రతిసారీ టీవీ చూసి తెలుసుకున్నాం. పనిలో పెట్టినవాడు ఒక్కసారి కూడా వచ్చి చెప్పలేదు."

జీతాల్లో కోత పెట్టకుండా గడువుకు చెల్లించాలని, నెల రోజుల పాటు ఇంటి అద్దె అడగవద్దని కేంద్రం మార్చి 29నే ఆదేశించింది. ఆ సంగతి చెబితే ఆయన నన్ను కాసేపు అలా చూశాడు. "ఆ కాగితం ఎక్కడ దొరుకుతుంది సార్?" అని అడిగాడు. నా ఫోనులో ఉన్న ప్రతిని ఆయన ఫోనుకు పంపాను. చుట్టూ ఉన్న నలుగురైదుగురు కూడా తమ నంబర్లు చెప్పారు.

మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటన వచ్చింది, అర్ధరాత్రి నుంచి అమల్లోకి వచ్చింది. ఆ నాలుగు గంటల్లో నాలాంటివాళ్లు కిరాణా కొట్టుకు వెళ్లారు. వీళ్లు వెళ్లవలసిన చోటు వెయ్యి కిలోమీటర్ల పైన ఉంది.

మే 6, బుధవారం: మేడ్చల్ నుంచి రామాయంపేట

రాష్ట్రంలో లాక్‌డౌన్ మే 29 వరకు అని రాత్రి ముఖ్యమంత్రి ప్రకటించారు. అదే సమావేశంలో మద్యం దుకాణాలు తెరుస్తామన్నారు. పొద్దున పది గంటలకు తూప్రాన్ దాటే సరికి ఆ రెండో మాట ఎలా ఉంటుందో రోడ్డు మీద కనిపించింది. దుకాణం ముందు సున్నపు గీతల్లో మగవాళ్లు బారులు తీరారు. ధర 16 శాతం పెంచినా వరుస తగ్గలేదు.

ఆ వరుసకు ఎదురుగా, మూసి ఉన్న టైలర్ షాపు అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఈ ప్రయాణంలో నేను విన్న అతి పదునైన కోపం వాళ్లదే. ఒకామెకు కిందటి నెల తల్లి పోయింది. అంత్యక్రియలకు ఇరవై మందికి మించకూడదన్న నిబంధన ఉంది. ఆమె వేరే జిల్లాలో ఉంది, వెళ్లలేకపోయింది. చివరి చూపు ఫోనులో చూసింది.

"అప్పుడు నేను ఎవరినీ ఏమీ అనలేదన్నా. అందరి మంచికే అనుకున్నాను. ఇవాళ ఇది చూశాక నాకు కడుపు మండుతోంది. మా అమ్మ దగ్గరికి పోతే అంటుకునే రోగం ఇక్కడ అంటుకోదా?"

ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఖజానాకు డబ్బు కావాలన్నది నిజమే, అన్ని రాష్ట్రాలకూ అదే ఇబ్బంది. అయినా తల్లి చావుకు వెళ్లకుండా ఆగిన మనిషికి ఆ లెక్క ఎవరు చెప్పగలరు? నిబంధన కఠినంగా ఉన్నందుకు ఆమె బాధపడలేదు. కఠినమైనా అందరికీ ఒకటే అని నమ్మింది కాబట్టి ఓర్చుకుంది. ఆ నమ్మకం ఇవాళ ఆమె కళ్లముందే పోయింది.

మార్చి 22 సాయంత్రం ఐదు గంటలకు చప్పట్లు కొట్టినవాళ్లలో, ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలు వెలిగించినవాళ్లలో ఈమె కూడా ఉంది. ఆ దీపాన్ని చిన్నచూపు చూసేవారితో నేను ఏకీభవించను. మనమంతా ఒకటి అనుకోవడానికి దొరికిన అవకాశాన్ని జనం మనస్ఫూర్తిగా వాడుకున్నారు. వాళ్ల అంగీకారంలో అసలైన భాగం అదే.

రామాయంపేట దాకా నడిచేవాళ్లు పెద్దగా కనబడలేదు. ఎండ తగ్గాక వస్తారని ఒక పెట్రోలు బంకు కుర్రవాడు చెప్పాడు, అలాగే జరిగింది. చీకటి పడ్డాక చెప్పుల పెట్టె ఖాళీ అయింది. కొందరి కాళ్లకు ప్లాస్టిక్ సీసాలను అణగ్గొట్టి తాళ్లతో కట్టుకున్న చెప్పులున్నాయి.

మే 7, గురువారం: కామారెడ్డి, డిచ్‌పల్లి, ఆర్మూర్

విశాఖపట్నంలో విషవాయువు లీకై మనుషులు కుప్పకూలుతున్న దృశ్యాలతో తెల్లవారింది. లాక్‌డౌన్‌లో మూతపడిన ఫ్యాక్టరీని తిరిగి తెరవబోతుండగా జరిగిందట. డ్రైవర్ అన్న రెండుసార్లు బండి ఆపి విశాఖలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశాడు. వాళ్లుండేది దూరమేనని తెలిశాక గానీ ముందుకు కదల్లేదు.

కామారెడ్డి దాటాక, డిచ్‌పల్లి వైపు, రహదారి నుంచి లోపలికి వెళ్లే ఒక ఊరి దారికి అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. మార్చి చివరి వారంలో తెలంగాణ పల్లెలు చాలావరకు ఇలాగే తమ దారులు తామే మూసుకున్నాయి. పట్నం నుంచి రోగం వస్తుందన్న భయంతో, దారులు మూయమని పై నుంచి ఏ ఆజ్ఞా లేకుండానే, కంప, రాళ్లు, కరెంటు స్తంభాల ముక్కలు అడ్డం పెట్టుకున్నారు. ఊరి కుర్రవాళ్లు వంతులవారీగా కాపలా కాశారు. దండోరా వేయించి ఎవరూ బయటికి పోవద్దన్నారు. ఆ కట్టుబాటులో క్రూరత్వమూ ఉంది. పట్నం నుంచి సొంత ఊరికి వచ్చిన కొడుకును పొలంలోని కొట్టంలో పద్నాలుగు రోజులు ఉంచిన తల్లిదండ్రులు ఈ ఊళ్లోనే ఉన్నారు. కానీ ఆ తల్లి రోజూ అన్నం తీసుకెళ్లి గట్టు మీద పెట్టి, దూరంగా నిలబడి, అతను తినేదాకా మాట్లాడి వచ్చేదట. ఇది చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. "ఊరంతా అనుకున్నాం, మేమూ ఒప్పుకున్నాం" అంది. అనుకున్నవాళ్లలో తానూ ఉంది కాబట్టి ఆమె ఆ మాట అనగలిగింది.

కంపకు ఇవతల, రోడ్డు వైపు, వేపచెట్టు కింద నాలుగు నీళ్ల కుండలు ఉన్నాయి. మూతల మీద ప్లాస్టిక్ చెంబులు, పక్కనే సబ్బు ముక్క. ఈ కుండల వెనుక పెద్ద తగవే నడిచిందని కాపలా కుర్రవాడు చెప్పాడు. మొదటి రోజుల్లో రోడ్డు మీద నడిచేవాళ్లు నీళ్లకోసం లోపలికి రాబోతే ఊరివాళ్లు అదిలించి పంపేశారు. దానికి ఎదురు తిరిగింది ఒక గల్ఫ్ కార్మికుడి భార్య. కుర్రవాడు వెళ్లి ఆమెను పిలుచుకొచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, కంపకు అటువైపే నిలబడి మాట్లాడింది.

"మా ఆయన దుబాయిలో ఉన్నాడన్నా. ఒక్క గదిలో పది మంది. పని లేదు, జీతం లేదు, బయటికి రానివ్వరు. అక్కడ ఆయన నీళ్లడిగితే ఇట్లాగే తరిమితే నేనేం చేయాలి? ఈ మాటే పంచాయతీ దగ్గర అడిగాను. వాళ్లను లోపలికి రానివ్వద్దు, సరే. నీళ్లు బయటికి పోతే మీకేం రోగం వస్తుంది అన్నాను."

మర్నాడు సర్పంచే కుండలు తెప్పించాడట. కామారెడ్డి, నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల పల్లెల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి అరుదు. హైవే మీద నడుస్తున్న బీహారీలో, ఒడియాలో ఈ ఊళ్లు తమవాళ్లను చూసుకోగలవు. పాలమూరు నుంచి ముంబైకి, శ్రీకాకుళం నుంచి గుజరాత్ రేవులకు వలస వెళ్లిన జాతి మనది. విదేశాల్లో చిక్కుకున్నవారిని తీసుకొచ్చే విమానాలు ఇవాళే మొదలయ్యాయి. తొలి రెండూ అబుదాబి, దుబాయిల నుంచి కేరళకు. ఆమె భర్త రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకున్నాడు. హైదరాబాద్‌కు ఎప్పుడు వస్తాయని నన్ను అడిగింది. ఎల్లుండి కువైట్ నుంచి ఒకటుందని చెప్పాను. దుబాయి సంగతి నాకు తెలియదు.

ఆ ఊరు లాక్‌డౌన్‌ను ఒప్పుకున్న తీరు నాకు నచ్చింది. ఒప్పుకుంటూనే పోట్లాడింది. తగవు పెట్టుకున్న మనిషిని ఎవరూ వెలివేయలేదు, ఆమె మాట విని కట్టుబాటును కొంచెం సవరించుకున్నారు. పైనుంచి వచ్చిన ఉత్తర్వుల్లో నాకు ఎక్కడా కనబడని గుణం ఇది.

కొనుగోలు కేంద్రం దగ్గర వేరే వేడి. యాసంగి వడ్లు కుప్పలుగా పోసి ఉన్నాయి. తాలు ఉందంటూ బస్తాకు కొంత కోత పెడుతున్నారని రైతుల కోపం. ఎత్తడానికి హమాలీలు లేరు, బీహార్ హమాలీలు హోలీకి ఊళ్లకు వెళ్లి తిరిగి రాలేకపోయారు. కుప్ప మీద టార్పాలిన్ కప్పుతున్న ఒక పెద్దాయన నాతో ఇలా అన్నాడు: "మాస్కు కట్టుకొమ్మంటే కట్టుకున్నాం బిడ్డా. దూరం నిలబడమంటే నిలబడ్డాం. పంటలో కోసుకుంటే ఎట్లా ఊరుకుంటాం?"

రాత్రి ఆర్మూర్ దగ్గర ఆగాం. ఇవాళ వైశాఖ పౌర్ణమి. వెన్నెల ఉందని అందరూ రాత్రే నడుస్తున్నారు. మూసేసిన ఒక దాబా బయట గోడకు ప్లగ్గులు ఉంటే, యజమాని కరెంటు ఆపకుండా వదిలేశాడు. ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవడానికి జనం అక్కడ గుమిగూడారు. రాష్ట్రం ప్రకటించిన 12 కిలోల బియ్యం, 500 రూపాయలు చాలామందికి అందాయి. ఆ మాట నిజాయితీగానే చెప్పారు. "బియ్యం వచ్చాయి, గ్యాస్ లేదు. అయిదొందలు వచ్చాయి, అందులో రెండొందలు ఫోను రీచార్జికి పోయాయి. రీచార్జి లేకపోతే ఇంట్లో అమ్మ నేను చచ్చాననుకుంటుంది" అన్నాడు ఒడిశా కుర్రవాడు. రైలుకోసం పోలీస్ స్టేషన్‌లో పేరు రాయించుకుని, పిలుపు రాక, ఆగలేక బయలుదేరినవాళ్లే ఎక్కువ.

మే 8, శుక్రవారం: నిర్మల్ దాటి గుడిహత్నూర్

సోన్ దగ్గర గోదావరి వంతెన దాటి, నిర్మల్‌లో వ్యానులోకి నీళ్లు నింపుకుంటుండగా వార్త వచ్చింది. మహారాష్ట్రలో ఔరంగాబాద్ దగ్గర, కర్మాడ్ సమీపంలో, పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కూలీల మీదుగా తెల్లవారుజామున గూడ్సు రైలు వెళ్లింది. జాల్నాలో ఒక ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు. మధ్యప్రదేశ్‌కు వెళ్లే రైలు దొరుకుతుందన్న ఆశతో రాత్రంతా పట్టాల వెంట నడిచారు. రైళ్లు తిరగడం లేదనుకుని అక్కడే నడుం వాల్చారు. పట్టాల మధ్య చెదిరిపడిన రొట్టెల ఫోటో మధ్యాహ్నానికి అందరి ఫోన్లలోకి వచ్చేసింది.

ఘాట్ ఎక్కాక టేకు అడవి. ఆకు రాలిన చెట్ల కింద నీడే లేదు. నేరడిగొండ ఇవతల ఒక కల్వర్టు కింద బాలాఘాట్ జిల్లా మనుషులు కూర్చుని ఉన్నారు, పిల్లలతో కలిసి రెండు కుటుంబాలు. వాళ్లదీ మధ్యప్రదేశే. ఫోటో వాళ్లకు అప్పటికే చేరింది. గుంపులో పెద్దవాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. రోడ్డు మీద పోలీసులు ఆపుతున్నారని, ఆదిలాబాద్ చేరాక పట్టాలెక్కి నడుద్దామని రాత్రే అనుకున్నారట. పట్టాల మీద ఆపేవాడు ఉండడు, దారీ తప్పదు.

నేను ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇస్తుంటే ఒక స్త్రీ గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఈ దారిలో నాకు ఎదురైన కోపాలన్నీ ఎవరో ఒకరిని ఉద్దేశించినవి: పనిలో పెట్టిన మేస్త్రీని, ప్రభుత్వాన్ని, దుకాణం ముందున్న మగవాళ్లను. ఈమె కోపం నా మీద. "మీరు ఫోటో తీయలేదు, మంచిది. రోజూ ఎవరో వచ్చి అరటిపండు ఇచ్చి ఫోటో తీసుకుపోతారు. మా ఆయన అక్కడ ఇరవై అంతస్తుల ఇల్లు కట్టాడు. ఆ ఇళ్లలోవాళ్లు ఎవరైనా కిందికి వచ్చి, అన్నా మీకు జీతం వచ్చిందా అని అడిగారా?"

ఎవరూ అడగలేదు. నేనూ అలాంటి భవనంలోనే ఉంటాను. నేనూ అడగలేదు. ఆమె అన్నమాట రాయకుండా ఈ యాత్ర రాయడం అన్యాయమవుతుంది.

ఏప్రిల్‌లో, ములుగు జిల్లా మిరప తోటల్లో పనికి వచ్చిన పన్నెండేళ్ల ఆదివాసీ బాలిక ఛత్తీస్‌గఢ్‌లోని సొంత ఊరికి నడుస్తూ, ఇల్లు కొద్ది దూరంలో ఉందనగా చనిపోయింది. మన మిరపకాయల కోసం వచ్చిన పిల్ల. ఆ వార్త వచ్చినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సహించలేదు, మూడో రోజు మామూలు అయిపోయాను. నన్ను భయపెడుతున్నది ఆ మూడో రోజే. ఒప్పుకోవడంలో ఇదీ ఒక రకం. ఎదుటివాడి బాధకు మనం అలవాటు పడిపోవడాన్ని కూడా సహనం అనే పిలుచుకుంటున్నాం.

వాళ్ల బాకీలు రాసుకున్నాను. అందరివీ కలిపితే అరవై వేలు దాటాయి. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979 నుంచే ఉంది. కూలీలను తెచ్చే గుత్తేదారుకు లైసెన్సు ఉండాలి, ఒక్కొక్కరికి పాసు పుస్తకం ఇవ్వాలి, రానూపోనూ చార్జీలు కట్టాలి. పాసు పుస్తకం ఉందా అని అడిగాను. బ్యాంకుదా అన్నారు. అది కాదని వివరించాను. అలాంటిది ఒకటి ఉంటుందని వాళ్లెవరూ వినలేదు.

సాయంత్రం ఇంకో వార్త. బియ్యం మిల్లుల్లో పనికోసం బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందలకు పైగా కూలీలతో ఒక రైలు లింగంపల్లి చేరింది. మంత్రులే ఎదురెళ్లి పూలిచ్చి స్వాగతం పలికారు. వాళ్లకు పని దొరికింది, సంతోషమే. ఆ పూలు చూశాక మాత్రం అవసరం ఉంటే అన్నీ సాధ్యమేనని నాకు మరింత స్పష్టమైంది.

గుడిహత్నూర్ చెక్‌పోస్టులో ఉపవాసం ఉన్న ఒక కానిస్టేబుల్, తన ఇఫ్తార్ కోసం తెచ్చుకున్న ఖర్జూరాలను నడిచే పిల్లల చేతుల్లో పెట్టాడు. మార్చి నెల నుంచి ఇంట్లో పడుకోలేదట, ఇంట్లో ముసలి తండ్రి ఉన్నాడు. లాఠీ వాడారా అని అడిగాను. వాడాను అన్నాడు, తల దించుకోకుండానే. మొదటి వారంలో ఎవరిని ఆపాలో ఎవరిని వదలాలో తమకూ ఎవరూ సరిగ్గా చెప్పలేదన్నాడు. ఆ లాఠీని నేను క్షమించలేను. అయినా ఆయన చెప్పిన కారణాన్ని కొట్టిపారేయలేను.

మే 9, శనివారం: ఆదిలాబాద్, పెన్‌గంగ

ఆదిలాబాద్ నుంచి సరిహద్దు ఎంతో దూరం లేదు. పెన్‌గంగ వంతెనకు ఇవతల మనవాళ్ల చెక్‌పోస్టు, అవతల మహారాష్ట్ర పోలీసులు. నదిలో నీరు సన్నగా ఉంది. నిన్నటి బాలాఘాట్ కుటుంబాలు ఒక లారీ ఎక్కి మాకంటే ముందే చేరాయి. పేర్లు రాసుకుని, జ్వరం చూసి, కొంతమందిని కొంతమందిని వంతెన మీదికి వదులుతున్నారు. అవతలివాళ్లు ఒక్కోసారి సరే అంటున్నారు, ఒక్కోసారి వెనక్కి పంపుతున్నారు. ఏ గంటకు ఏ నియమమో రెండు వైపులవాళ్లకూ తెలియడం లేదు.

మధ్యాహ్నం ఒక గుంపును వెనక్కి పంపారు. వాళ్లు వంతెన మధ్యలోనే కూర్చుండిపోయారు. కేకలు లేవు, రాళ్లు లేవు. లేవమంటే లేవలేదు, అంతే. ఇవతలి ఎస్సై ముందు గద్దించాడు. తర్వాత తనే నడిచి వెళ్లి వాళ్ల ఎదురుగా నిలబడి, అవతలి అధికారితో ఫోనులో వాళ్లకు వినబడేలా మాట్లాడాడు. సాయంత్రం ఐదింటికి నాగ్‌పూర్ వైపు వెళ్లే ఖాళీ లారీల్లో ఎక్కిస్తామని అవతలివాళ్లు మాటిచ్చారు. ఎస్సై ఆ మాటను హిందీలో రెండుసార్లు చెప్పాడు. జనం లేచి వచ్చి చెట్టు నీడన కూర్చున్నారు. గంట చెప్పారు, ఏ బండో చెప్పారు. ఇంత చిన్న విషయానికి వాళ్ల ముఖాలు తేటపడటం కళ్లారా చూశాను. ఐదున్నరకు లారీలు వచ్చాయి.

నిన్న నన్ను నిలదీసిన ఆమె ఎక్కేముందు పుస్తకం తెరవమంది. మేస్త్రీ పేరు తప్పు రాశానేమోనని అనుమానం. నేను చదివి వినిపించాను. ఊరిపేరు సరిచేసింది, భర్త బ్యాంకు పాసు పుస్తకం చూపి ఖాతా నంబరు మళ్లీ ఒక్కో అంకె చెప్పించుకుంది. మేస్త్రీ ఫోన్ ఆపేసినా అతని ఆఫీసు ఏ వీధిలో ఉందో తనకు తెలుసని, ఆ గుర్తులు కూడా రాయించింది.

జాబితా సోమవారం కార్మిక శాఖ కార్యాలయంలో ఇస్తాం, రసీదు తీసుకుంటాం. బాకీదారుల్లో చిరునామా తెలిసినవాళ్లకు విడిగా ఉత్తరాలు రాస్తున్నాం. మీరున్న భవనం కట్టినవాళ్లకు, మీ వీధిలో పని ఆగిపోయిన స్థలంలో రేకుల షెడ్లలో ఉన్నవాళ్లకు జీతం అందిందో లేదో రేపే వెళ్లి అడగండి. అందకపోతే పేరు, మొత్తం, గుత్తేదారు వివరాలు రాసి మీ జిల్లా కార్మిక శాఖకు ఇవ్వండి.